కొసరు వద్దన్న రోజు

మా అత్తకు ఎంత కోపం వస్తే మా ఇంట్లో చేపలు అంత చవక. పెళ్లై కోవూరుకు వచ్చిన మొదటి వారంలోనే నేను ఈ సంగతి కనిపెట్టాను. కనిపెట్టినదానికి పేరు పెట్టడానికి మాత్రం పద్నాలుగేళ్లు పట్టింది. అదీ నా తెలివితో కాదు, కాలేజీ వాళ్లు నా నెత్తిన వేసిన ఒక పనివల్ల.

నేను పెన్న దాటి నెల్లూరు పోయి ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. పోయిన వేసవిలో మా ప్రిన్సిపాల్ గారు పిలిచి, తెలుగు మీడియం పిల్లలకోసం ఒక చిన్న పుస్తకం రాయమన్నారు. మనుషుల సంబంధాల గురించీ, కొనేవాళ్ల ప్రవర్తన గురించీ మనస్తత్వశాస్త్రంలో వాడే మాటలు ఒక అరవై ఏరి, ఒక్కొక్కదానికి తెలుగులో అర్థం రాసి, కింద ఒక ఉదాహరణ ఇవ్వాలి. "ఉదాహరణలు మన పిల్లలకు తెలిసినవి ఉండాలమ్మా. మంచు కురిసే ఊళ్లో కాఫీ షాపులు వద్దు" అన్నారాయన. ఈ పనికి జీతం పెరగదని ఆయన మొహంలోనే రాసి ఉంది. నేను కూడా నా మొహంలో రాసి చూపించి ఒప్పుకున్నాను.

ఉదాహరణలకోసం నేనెక్కడికీ పోలేదు. రోజూ ఉదయం ఏడున్నరకు అవే ఆటో దిగి మా గేటు తీసుకుని వచ్చేవి.

సముద్రం ఒడ్డు పాలెంనుంచి నలుగురు ఆడవాళ్లు ఒకే ఆటోలో చేపలు వేసుకుని కోవూరు వస్తారు. వీధికొకరు దిగుతారు. మా వీధిలో దిగే ఆమె ఇరవై రెండేళ్లుగా మా ఇంటికే ముందు వస్తుంది. అంటే ఆమె బోణీ మా ఇంట్లోనే. మా అత్త చెయ్యి మంచిదని ఆమె నమ్మకం. మా అత్త నోరు మంచిదని మాత్రం ఎవరూ అనుకోరు.

"ఏం తెచ్చినావమ్మే?" అని అత్త అరుగుమీదనుంచే అడుగుతుంది, తల తిప్పకుండా. తల తిప్పితే ఆశపడినట్టు.

"వంజరం తెచ్చినా పెద్దమ్మా. ఇప్పుడే పడవ దిగింది. ఇంకా ఉప్పునీళ్లు కారతా ఉండాయి, చూడు."

"ఎంత?"

ఆమె ఒక ధర చెబుతుంది. ఆ ధర విని మా ఎదురింటివాళ్లు కూడా కిటికీ తీస్తారు.

"నువ్వు చేప అమ్మతా ఉండావా, పడవ అమ్మతా ఉండావా?" అంటుంది అత్త. అని, అందులో సగంకంటే తక్కువ చెబుతుంది.

నా నోట్సులో ఇలా రాసుకున్నాను: యాంకరింగ్. మొదట విన్న అంకె మనసులో లంగరు వేసుకుని కూర్చోవడం. ఉదాహరణ: పడవ ధరకు వంజరం.

ఆ తరువాత అత్త చేప కళ్లు చూస్తుంది, మొప్పలు ఎత్తి చూస్తుంది, తోక పట్టుకుని ఊపుతుంది, అన్నీ బాగున్నందుకు కోపం తెచ్చుకుంటుంది. చేపలామె గిన్నె నెత్తిన పెట్టుకుని, "నీకు పెట్టి పెట్టి నేను మునిగిపోయినా పెద్దమ్మా, వస్తా" అని గేటువైపు నడుస్తుంది. మా అరుగునుంచి గేటుకు పద్నాలుగు అడుగులు. అత్త పిలవదు. ఆమె గేటు దాటి, వెనక్కి చెయ్యి చాపి గొళ్లెం వేస్తుంది. గొళ్లెం ఠక్కుమన్న తరువాతే అత్త నోరు తెరుస్తుంది. "ఏమ్మే! ఇట్ట రా." ఆమె గేటు పక్క కరెంటు స్తంభం దాటి ఒక్కరోజు కూడా పోలేదు. అత్త గొళ్లెం పడకముందు ఒక్కరోజు కూడా పిలవలేదు. చేతికి రాబోయేది పోతుందేమోనన్న భయానికి కూడా నా పుస్తకంలో ఒక మాట ఉంది. వీళ్లిద్దరిలో ఆ భయం ఎవరికి ఎక్కువో మాత్రం నేను పద్నాలుగేళ్లు చూసినా తేల్చలేకపోయాను.

ధర తెగాక కొసరు. ఆమె గుప్పెడు నెత్తళ్లు, వేలెడంత చిన్న చేపలు, పైన వేస్తుంది. "ఇది కొసరా, కంట్లో పడిన నలుసా?" అంటుంది అత్త. ఇంకో గుప్పెడు పడుతుంది. దీన్ని రెసిప్రాసిటీ అంటారు. ఇచ్చినవాళ్లకు తిరిగి ఇవ్వాలనిపించడం. తిరిగి ఇచ్చేది కాఫీ. అదీ చిన్నాచితకా గ్లాసు కాదు, మా మామగారు తాగిన పెద్ద ఇత్తడి గ్లాసు నిండా. ఆమె పెరట్లో కుళాయి దగ్గర చేప కోస్తూ తాగుతుంది, అత్త పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. ఇద్దరి కోడళ్లమీదా చాడీలు అక్కడే మొదలవుతాయి. వంటింటి కిటికీ పక్కనే ఉన్న నేను అన్నీ వింటానని వాళ్లకు తెలుసు. అయినా గొంతు తగ్గించరు.

అత్తకు మోకాలి ఆపరేషన్ అయి రెండేళ్లు. అప్పటినుంచి గేటు బయటికి పోవడం మానేసింది. మా ఆయన ముత్తుకూరు దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేస్తాడు. ఇంట్లో ఉన్నప్పుడు నిద్రపోతాడు. నేను ఎనిమిదిన్నరకు స్కూటీ ఎక్కితే సాయంత్రం దిగుతాను. ఇంకెవరూ లేరు. అత్త రోజు మొత్తంలో నోరారా మాట్లాడేది చేపలామెతో ఆ నలభై నిమిషాలే. ఈ లెక్క నేను తరువాత వేశాను. అప్పట్లో మాత్రం, ఒక కిలో చేపకు అంతసేపు ఎందుకని గింజుకునేదాన్ని.

నాకు కోపం తొందరగా వస్తుంది. దానికంటే తొందరగా వచ్చేది మంచితనం. అదే ఎక్కువ ప్రమాదం.

ఆ రోజు బుధవారం. ముందురోజు సాయంత్రం నేను న్యాయమైన ధర గురించి రెండు పేజీలు రాసి, నా రాత చదివి నేనే కరిగిపోయి ఉన్నాను. పెద్ద షాపులో ధర చీటీ చూసి నోరెత్తకుండా డబ్బులిచ్చే మనం, ఎండలో గిన్నె మోసే మనిషి దగ్గర గీచి గీచి బేరమాడతామా? నేనే చూడండి, తొంభై తొమ్మిదితో ముగిసే ధరల మాయ గురించి ఉదయం పాఠం చెప్పి, సాయంత్రం అదే ధరకు చీర కొని, రూపాయి మిగిలిందని సంతోషపడే మనిషిని. నాకు సిగ్గేసింది. సిగ్గుపడినవాళ్లు కాసేపు ఊరుకుంటే బాగుండేది. నేను ఊరుకోలేదు.

ఏడున్నరకు ఆటో ఆగింది. అత్త స్నానాల గదిలో ఉంది. ఇల్లు తుడిచిన తడి ఆరలేదని తలుపు సగం మూసి, గుమ్మంలో నిలబడ్డాను. ఆమె గిన్నె దించి, అలవాటు ప్రకారం పడవ ధర చెప్పింది. నేను పర్సు తీసి ఆ ధర మొత్తం ఆమె చేతిలో పెట్టాను.

ఆమె డబ్బు వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఏంది చిన్నమ్మా ఇది?"

"నీ కష్టానికి తగిన ధరే అక్కా. తీసుకో."

ఆమె చేప తీసి ఇచ్చింది. చెయ్యి దానంతటదే నెత్తళ్ల వైపు పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. "కొసరు వద్దక్కా, నష్టపోతావు" అన్నాను. ఎంత తియ్యగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"పెద్దమ్మ యాడ? బాగుండాదా?"

"బాగుంది. నాకు టైమవుతోందక్కా, చేప నేనే కోసుకుంటాలే."

ఆమె సగం మూసిన తలుపులోంచి లోపలికి ఒకసారి తొంగిచూసింది. గిన్నె ఎత్తుకుని పోయింది. గొళ్లెం పడింది. మంచిపని చేసినవాళ్లకు కడుపులో ఒక చల్లదనం ఉంటుంది కదా, అది నాకు మధ్యాహ్నం దాకా ఉంది.

మరుసటి రోజు ఆటో వచ్చింది, మా వీధిలో ఆగకుండా పోయింది. ఆ మరుసటి రోజూ అంతే.

"ఏమైందో దానికి, జొరమేమో" అంది అత్త.

నేను బుధవారం సంగతి గొప్పగా చెప్పాను. అత్త వింటున్నకొద్దీ ఆమె మొహంలో రంగు దిగిపోయింది.

"చెప్పిన ధరకే కొన్నావా?"

"ఆ."

"కొసరు?"

"వద్దన్నాను."

"కాఫీ అన్నా ఇచ్చినావా?"

నేను కాఫీ డబ్బా వైపు చూశాను.

"నా కొంప ముంచినావు గదే" అంది అత్త. అరవలేదు. అరిచి ఉంటే నాకు హాయిగా ఉండేది. నేను వెంటనే నా పుస్తకంలోని మాటలు నాలుగు వరసగా వేసి, బేరం అంటే ఒకరి కష్టాన్ని ఇంకొకరు దోచుకోవడమని వివరించబోయాను. "నీ చదువు తీసకపోయి పెన్నలో కలుపు" అని అత్త లోపలికి పోయింది.

ఫోను చేద్దామంటే నంబరు లేదు. "ఇరవై రెండేళ్లు రోజూ ఎదురుగా వచ్చేదానికి ఫోనెందుకు?" అంది అత్త. అదీ నిజమే. మిగతా ముగ్గురిలో ఎవరినైనా అడగమంటే, "నేనడగను. నేనేమన్నా తప్పు చేసినానా?" అంది. అదీ నిజమే.

తప్పు సరిదిద్దడానికి నేను ఇంకో తప్పు చేశాను. ఫోనులో యాప్ తెరిచి చేప ఆర్డర్ పెట్టాను. కడిగి, ముక్కలు కోసి, డబ్బాలో సర్ది, చల్లగా తెచ్చి ఇచ్చారు. డబ్బా తెచ్చిన మనిషిని అత్త గుమ్మంలో ఆపింది.

"కొసరేదబ్బయ్యా?"

"కూపన్ ఉంటే యాప్‌లోనే వేసుకోవాలమ్మా" అన్నాడతను మర్యాదగా.

"అది తినేదేనా?"

అతను నవ్వి, రేటింగ్ ఇవ్వమని చెప్పి పోయాడు. నేను మామిడికాయ ముక్కలు వేసి, నాకు తెలిసిన ఒడుపంతా చూపించి పులుసు పెట్టాను. అత్త ఒక ముద్ద తిని, చెయ్యి ఆపి అడిగింది.

"ఎవురితో పోట్లాడి తెచ్చినావు?"

"ఎవరితోనూ లేదత్తా."

"అందుకే సప్పగా ఉండాది" అని మజ్జిగ పోసుకుంది.

తరువాత రోజులు బాగా లేవు. ఆటో చప్పుడు వినిపించగానే అత్త చెయ్యి మోకాలిమీదికి పోయేది, లేవడానికి. ఆటో పోయాక ఆ చెయ్యి అక్కడే ఉండిపోయేది. ఒకరోజు వంటింటినుంచి అది చూసి, నోట్సు తీసి, "కండిషనింగ్: చప్పుడుకు అలవాటుపడిన శరీరం" అని రాశాను. రాసిన తరువాత మళ్లీ చదివాను. నామీద నాకు అసహ్యమేసింది. ఆ కాగితం చించేశాను.

అత్త పెరట్లోకి పోవడం మానేసింది. రెండు పూటలా మజ్జిగన్నమే. నేను పలకరిస్తే "ఊ" అనేది. నన్ను తిట్టడం కూడా మానేసింది. పద్నాలుగేళ్లలో ఆమె నన్ను తిట్టకుండా ఉన్న వారం అదొక్కటే. ఇల్లు మరీ ప్రశాంతంగా అయిపోయింది, నాకు భయమేసింది. పదో రోజు ఏడున్నరకు అత్త అసలు అరుగుమీదికే రాలేదు. గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మా ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చి చూసి, "డాక్టరు దగ్గరికి తీసుకుపోదామా?" అన్నాడు. ఏ డాక్టరు దగ్గరికి పోవాలో నాకు తెలుసు.

మరునాడు ఆదివారం. స్కూటీ తీసుకుని వరిపొలాల మధ్యనుంచి, రొయ్యల గుంటలు దాటి పాలెం పోయాను. అడిగితే ఇల్లు చూపించారు. ఆమె ఇసుకమీద పరిచిన వలపైన నెత్తళ్లు ఆరబోస్తోంది. చుట్టూ ఇంకో అయిదారుగురు ఆడవాళ్లు.

"రాండి. కూర్చోండి" అంది నన్ను చూసి. ఎప్పుడూ "నువ్వు, చిన్నమ్మా" అని పిలిచే మనిషి నాకు గౌరవమిచ్చి కుర్చీ వేసింది. అంత గౌరవం నాకెవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

"మా ఇంటికి రావడం మానేశావే అక్కా?"

ఆమె నెత్తళ్లు సర్దుతూనే అడిగింది.

"పాడెకు వెదురు కొనేటప్పుడు ఎవురన్నా బేరమాడతారా?"

నాకు అర్థం కాలేదు.

"కుండ కొనేటప్పుడు కొసరు అడగతారా? చెప్పండి. సదువుకున్నోళ్లు గదా."

అప్పుడు అర్థమైంది. మా వైపు చావుకు కొనే వస్తువులకు బేరమాడరు. చెప్పింది చేతిలో పెట్టి, మాట్లాడకుండా తెచ్చుకుంటారు. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా నాన్న పోయినప్పుడు మా బాబాయి అలాగే తెచ్చాడు. అరవై మాటలకు అర్థాలు రాస్తున్న నాకు ఈ ఒక్కటీ గుర్తు రాలేదు.

"బోణీ అట్ట చేసినారు. తలుపు సగం మూసినారు. పెద్దమ్మ కనపడలా. నాకు గుండె జారిపోయింది. ఆ పొద్దు యే వీధిలో తిరిగినానో, ఎంతకమ్మినానో నాకు తెలీదు. మాపటికి మీ పక్కవీధిలో అమ్మే ఆమెను అడిగి తెలుసుకున్నా, పెద్దమ్మ బతికే ఉండాదని." ఆమె తలెత్తి నావైపు చూసింది. "బతికే ఉండి, తను రాకుండా మీ చేత డబ్బులు పంపిందంటే ఏంది అర్థం? నాతో తెంచేసుకున్నట్టే గదా. తెంచుకున్నాక వచ్చి గేటు తీస్తే నాకేం మర్యాద?"

"అయ్యో అక్కా, అత్త స్నానం చేస్తోంది!"

"ఏందీ?"

"స్నానం చేస్తోంది. ఆమెకు తెలియదు. అదంతా నా తెలివే."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. ఒకామె నవ్వలేక ఇసుకమీద కూలబడింది. "పెద్దమ్మ నీళ్లు పోసుకుంటుంటే ఈయమ్మ సావు బోణీ చేసిందంట!" అని దూరంగా పడవ దగ్గర ఉన్నవాళ్లకు కూడా అరిచి చెప్పింది. నేను కుర్చీలోంచి లేచి ఇసుకమీద కూర్చున్నాను. గౌరవం చాలనిపించింది.

"ఆమె పది రోజులుగా సరిగ్గా తినడం లేదు. మాట్లాడటం లేదు. నువ్వు రాకపోతే నాకు ఇంట్లో మనిషి మిగలదు" అన్నాను. ఇది ఏ మాట కింద రాయాలో నాకు తెలియదు, కానీ అన్నాను.

ఆమె నవ్వలేదు. లేచి, గిన్నెలోంచి ఒక సందువ చేప తీసి నా ముందు పెట్టి ధర చెప్పింది. సందువ బంగారంతో చేసినా ఆ ధర ఉండదు.

నేను పర్సుమీద చెయ్యి వేశాను. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు "ఆహా!" అని నా చెయ్యి పట్టుకున్నారు.

"సగం" అన్నాను భయంగా.

"సగమా? చేప కడిగిన నీళ్లకు కూడా రాదు" అని ఆమె గిన్నె ఎత్తుకుని ఇసుకలో నడిచింది. మూడడుగులు వేసిందో లేదో, "అక్కా, అక్కా, ఉండు!" అన్నాను.

మళ్లీ నవ్వులు. "ఏందమ్మే, అట్టయితే నిన్ను అమ్మి తినేస్తారు" అంది ఒక పెద్దామె. ఇంకోసారి ఆడించారు. ఈసారి చేప కళ్లు బాలేవన్నాను, మొప్పలు నల్లగా ఉన్నాయన్నాను, నిన్నటి సరుకు నాకంటగడుతున్నావన్నాను. అన్నీ అబద్ధాలే. పట్టాభిషేకం చెయ్యాల్సినంత మంచి చేప అది. ఆమె ఎనిమిదడుగులు పోయేదాకా పళ్లు బిగపట్టి ఊరుకున్నాను. తొమ్మిదో అడుగుకు ప్రాణం ఆగలేదు, పిలిచేశాను. ఆమె వెనక్కి వచ్చి ధర కొంచెమే తగ్గించింది. నెత్తళ్లు ఒక గుప్పెడు పైన వేసి, నావైపు చూస్తూ నిలబడింది.

"ఇది... ఇది కొసరా?" అన్నాను.

"ఇంకా?"

"కంట్లో పడిన నలుసా?"

ఇంకో గుప్పెడు పడింది. "ఇప్పుడు మనిషివైనావు చిన్నమ్మా" అంది. వస్తానని మాత్రం అనలేదు. రానని కూడా అనలేదు.

ఇంటికి తెచ్చి అత్త గది గుమ్మంలో గిన్నె పెట్టాను. అత్త గోడవైపునుంచి ఇటు తిరిగింది. లేచి కూర్చుని మొప్ప ఎత్తి చూసింది.

"ఎవురిచ్చినారు?"

నేను చెప్పాను.

"ఎంతకు?"

చెప్పాను. అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. పది రోజుల తరువాత మొదటిసారి ఆమె మూతి పక్కకు కదిలింది.

"నిన్ను నిలువునా ముంచింది" అంది. ఆ మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకుంది.

సోమవారం అత్త ఏడు గంటలకే అరుగుమీద ఉంది, ఉతికిన చీర కట్టుకుని, తల తిప్పకుండా. ఏడున్నరకు ఆటో ఆగింది. గేటు తీసిన చప్పుడైంది. నేను దోసె గరిటె చేతిలో పట్టుకుని తలుపు చాటున నిలబడ్డాను.

పది రోజుల సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఏం తెచ్చినావంటే సందువలంది. ధర చెప్పింది. అత్త తనకు తోచింది చెప్పింది. పడవ మాట రాలేదు, కళ్ల మాట రాలేదు. "వస్తా పెద్దమ్మా" అని ఆమె గిన్నె ఎత్తుకుని గేటువైపు తిరిగింది. ఒక్క అడుగు వేసింది.

"ఏమ్మే, ఉండు."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. నేను చూసిన పద్నాలుగేళ్లలో అత్త గొళ్లెం పడకముందు పిలవడం అదే మొదటిసారి. ఆమె వెనక్కి తిరిగింది. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె మొహం చూస్తే బెదిరినట్టుంది. గిన్నె దించి, మాట్లాడకుండా అత్త చెప్పిన ధరకే ఇచ్చేసింది. రెండు చేతులా నెత్తళ్లు తీసి పోసింది. అత్త "నలుసు" అనలేదు. కాఫీ తాగుతున్నంతసేపూ ఇద్దరూ చుట్టాలింటికి వచ్చినవాళ్లలా మెల్లగా మాట్లాడుకున్నారు. నామీద ఒక్క చాడీ కూడా లేదు.

ఆమె పోయాక అత్త నన్ను పిలిచింది. "మోకాలు సలపతా ఉండాది. గేటుకాడికి పోలేను గదా, అందుకే ముందే పిలిచినా" అంది. అత్త ఎప్పుడు గేటుదాకా పోయి పిలిచింది? ఎప్పుడూ కూర్చున్నచోటునుంచే. నేను తల ఊపాను. అత్తకు భయం పట్టుకుంది. చేపలామె మళ్లీ రాకుండా పోతుందేమోనన్న భయం. దాన్ని తెచ్చిపెట్టింది నేనే. ఆ సాయంత్రం పుస్తకంలో మిగిలిన చివరి మాట ముందు కూర్చున్నాను. ఎటాచ్‌మెంట్. మనిషిని మనిషి వదులుకోలేకపోవడం అని అర్థం రాశాను. ఉదాహరణ దగ్గర కలం కదల్లేదు. ఖాళీగా వదిలేసి పడుకున్నాను.

మంగళవారం ఆమె తెచ్చింది కానాగంతలు. పేదా గొప్పా అందరూ తినే చేప. గిన్నె దించి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, ఒక ధర చెప్పింది.

అత్త తల తిప్పింది. నేను కాపురానికి వచ్చాక, ధర వినగానే ఆమె తల తిప్పడం అదే మొదటిసారి.

"ఏందీ? ఇంకోసారి చెప్పు."

ఆమె ఇంకోసారి చెప్పింది. ఈసారి ఇంకొంచెం పెంచింది.

"కానాగంతలకా? కానాగంతలకా ఆ ధర?" అత్త మోకాలు సంగతి మరిచిపోయి లేచి నిలబడింది. "నిన్న పోనీలే అని పిలిస్తే ఈ పొద్దు నెత్తికెక్కి కూర్చుంటావా? పడవ కాదమ్మే, ఇంక సముద్రమే అమ్మతా ఉండావు! ఆ కళ్లు చూడు, వారం కిందట సచ్చినట్టుండాయి. తీసకపో. నా గడప తొక్కబాక!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"నీకు పెట్టి పెట్టి నేను మునిగిపోయినా పెద్దమ్మా" అంటూ ఆమె గిన్నె నెత్తికెత్తుకుంది. తిరుగుతూ తలుపు చాటున ఉన్న నావైపు ఒక్క చూపు చూసింది. కళ్లు నవ్వుతున్నాయి. అత్తకు పాత కోపం తెప్పించడానికే ఆమె ఆ ధర చెప్పిందని నాకప్పుడు తెలిసింది.

ఆమె నడిచింది. ఒకటి, రెండు, మూడు. అత్త కూర్చుంది. ఏడు, ఎనిమిది. అత్త కుచ్చిళ్లు సర్దుకుంది. పదకొండు. పద్నాలుగు. గేటు పైన అల్యూమినియం గిన్నె ఒక్కటే కనిపిస్తోంది.

అత్త నావైపు తిరిగింది. "పాలు పొయ్యి మీద పెట్టు" అంది, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా.

గొళ్లెం పడింది. అప్పుడు పిలిచింది.